అత్తరు అంటిన మేకపిల్ల

నాకు పెళ్లయి ఇరవై రెండు రోజులు. కమలాపురం దగ్గర పొలంలో ఉన్న మా అత్తగారింట్లో మనుషులం ముగ్గురమే గానీ, పొద్దున్నే పలకరించాల్సిన వాళ్లు చాలామంది. రెండు బర్రెలు, ఆరు మేకలు, లారీ గుద్దితే కాలు కుంటుపడ్డ గాడిద, ఎవరో సంచిలో కట్టి పారేస్తే మావారు ఉమర్ ఏరుకొచ్చిన మూడు కుక్కపిల్లలు. బీఎస్సీ జువాలజీలో నేను చూసిన జంతువులన్నీ గాజుసీసాల్లో ఉండేవి. ఇవి నా చున్నీ నములుతాయి. నాకు భలేగా ఉంది.

ఆ ఉదయం ఉమర్ రోడ్డు పక్క కంపచెట్ల కింద దొరికిన మేకపిల్లను చొక్కాలో చుట్టి తెచ్చి, మా చేతికిచ్చి మళ్లీ చేనికి పోయాడు. పుట్టి ఒక్క రోజయి ఉంటుంది. తల్లి ఎక్కడా లేదట. సీసాతో పాలు పడితే నోరు బిగించేసింది.

"మధ్యాన్నం లోపల తాగకుంటే ఇది బతకదు" అంది మా అత్త హుసేనమ్మ.

మా చుక్కమేకకు ముందురోజే చచ్చిన పిల్ల పుట్టింది. పొదుగు నిండా పాలు. అత్త ఆ పాలే పిండి, పిల్ల వీపుకూ తోకకూ రుద్దింది.

"తన పాల వాసనుంటే తన బిడ్డే అనుకుంటాది" అని చెప్పి, తడి ఆరడానికి పిల్లను ఎండలో గోనెసంచి మీద పెట్టి, బర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయింది.

అంత ముద్దొచ్చే పిల్లను ఊరికే చూస్తూ ఎవరు కూర్చుంటారు? ఎత్తుకున్నాను. మెడకు హత్తుకున్నాను. రెండు చెవులూ ముద్దుపెట్టుకున్నాను.

అత్త వచ్చి పిల్లను పొదుగు దగ్గర నిలబెట్టింది. చుక్కమేక వాసన చూసి, తుమ్మి, కొమ్ములతో ఒక్క తోపు తోసింది. పిల్ల దొర్లి పడింది. మళ్లీ పెట్టినా అంతే. అత్త పిల్లను ఎత్తి వాసన చూసింది. తర్వాత నన్ను దగ్గరికి లాగి నా మెడ వాసన చూసింది.

"ఏం పాపా, ఏం పూసుకున్యావు?"

"అత్తరు, అత్తా. ఆయన కడప నుంచి తెచ్చినాడు."

"యాడ పూసుకున్యావు?"

"చెవుల కాడ, మెడకు, చేతులకు... కొంచెమే."

"దీనికి పాలు తాపాలనా, పెండ్లికి పంపాలనా?"

నాకు ఏడుపొచ్చింది. "చచ్చిపోతాదా అత్తా?"

"ఏడ్చేది తర్వాత. నీళ్లు కాగబెట్టు. సబ్బు వద్దు, పొయ్యిలో బూడిద తీసుకురా."

గోరువెచ్చటి నీళ్లలో బూడిద కలిపి పిల్లను కడిగాం. అదే బూడిదతో నా మెడా చేతులూ ఎర్రబడేదాకా తోముకున్నాను. పేడ తీసేటప్పుడు అత్త కట్టే పాత చీర చుట్టుకున్నాను. పిల్లను చుక్కమేక కింది గడ్డితో తుడిచి, ఈసారి పాలలో చిటికెడు ఉప్పు కూడా కలిపి పూశాం.

నేను మేక మెడ పట్టుకుంటే, అత్త పిల్లను దాని ముందు నిలబెట్టింది. చుక్కమేక పిల్ల వీపు వాసన చూసింది. తుమ్మలేదు. నాలుక చాపి ఒకసారి నాకింది. ఉప్పు రుచి తగిలిందేమో, తోకదాకా నాకుతూ పోయింది. ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో పిలిచింది. పిల్ల తడుముకుంటూ పోయి పొదుగు అందుకుంది. దాని తోక గిలగిలా ఊగింది.

"తాగతాండాది! అత్తా, తాగతాండాది!"

"అరవాకు, మేక బెదురుతాది" అంది అత్త. ఆమె ముఖమంతా నవ్వే.

చేని నుంచి వచ్చిన ఉమర్ పిల్లను నిమరబోయాడు.

"ముట్టుకోవద్దు! మూడు రోజులు ఎవరూ ముట్టుకోగూడదు."

"నేను తెచ్చిన పిల్లనే గదా! ఏంమా, నీ కోడలు నన్ను దొడ్లోకి రానీదా?"

"ఈ పొద్దు దొడ్డి ఆ పాపది. నువ్వు పోయి కుక్కపిల్లలకు అన్నం పెట్టుపో."

ఉమర్ గొణుక్కుంటూ పోయాడు. పేడ వాసన చీరలో నేను తడిక దగ్గర కాపలా నిలబడ్డాను. నా వెనక పిల్ల రెండో చన్ను వెతుక్కుంటోంది.