ఏ తలుపూ తియ్యని తాళంచెవి

నేనొక తాళంచెవిని. జానెడు పొడుగుంటాను. అరచేతిలో పెట్టుకుంటే మణికట్టు వాలిపోయేంత బరువు. నా తుప్పూ నా వంకరా చూసి మీరు కూడా ఇదేదో రాజుల కాలం నాటిదనుకుంటారు. అనుకోకండి, మీకు పుణ్యముంటుంది. నా వయసు మూడేళ్ళు. లారీ కమాను పట్టీ ముక్కొకటి, నీళ్ళ పైపు ముక్కొకటి కలిపి వెల్డింగ్ షాపులో అతికితే పుట్టాను. నన్ను పట్టే తాళాన్ని ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

నన్ను చేయించింది నాగులకోట దండు. దండంటే నిజం దండు కాదు లెండి. మా ఊరి పక్క గుట్ట మీద ఒక పాతకోట ఉంది. ఎప్పుడో ఎక్కణ్ణుంచో ఒక సైన్యం వచ్చి దాన్ని పట్టుకుంది. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలీదు. తెలీని ఆ యుద్ధాన్ని ఏటా మాఘమాసంలో ఊరి ముందు ఆడి చూపించాలని ఫోటో స్టూడియో చక్రపాణికి బుద్ధి పుట్టింది. ఆయన పిలిస్తే మందుల షాపులో పనిచేసే మస్తాను, కరెంటు లైన్‌మేను, ఇద్దరు టైలర్లు, ఓ గుంపు కాలేజీ పిల్లలు చేరారు. జీతం లేదు, బత్తెం లేదు. ఆదివారం వచ్చిందంటే కోటలో కవాతు, కర్రసాము, కత్తి తిప్పుడు.

వీళ్ళకొక కట్టుబాటుంది. సాధనకు పెందలాడే వచ్చినోళ్ళు కోట సైన్యం, ఆలస్యంగా వచ్చినోళ్ళు శత్రు సైన్యం. శత్రువుగా ఉండమంటే ఎవడూ ఉండడు గదా, అందుకని ఈ ఏర్పాటు. దాంతో మా కోటను జయించే సైన్యమంతా నిద్రమొహాలే. బోరు పైపుకి నల్లరంగేసి ఫిరంగి అన్నారు. అట్టలకు వెండిరంగు పూసి డాళ్ళన్నారు. గుర్రం ఒక్కటే నిజంది, పెళ్ళి ఊరేగింపులకు తిరిగేది. రణభేరి మోగిందంటే చాలు, అది చిందులేయడం మొదలెడుతుంది.

మొదటి ఏడు సాధనలో ఒక చిక్కొచ్చిపడింది. "ఇంత గట్టి కోట ఎట్టా పడిపోయిందంటారు?" అని లైన్‌మేను అడిగాడు.

"మనోళ్ళు ఊరికే ఓడిపోతారా ఏంది? లోపలోడెవడో తలుపు తీసుంటాడు," అన్నాడు చక్రపాణి.

ఆ మాటతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. చూశారా, ఓడిపోయామంటే మనుషులకు గొంతు దిగదు. మోసపోయామంటే మాత్రం మంచినీళ్ళలా దిగిపోతుంది. కోట తలుపుకి లోపల అడ్డమాను ఉంటుంది గానీ తాళం ఎక్కడిదని మస్తాను సణిగాడు. "అడ్డమాను లాగితే ఆఖరి వరసలో వాడికి ఏం కనపడుద్దయ్యా? తాళంచెవైతే పైకెత్తి చూపించొచ్చు," అన్నాడు చక్రపాణి. ఆ ఒక్క మాట కోసం నేను పుట్టాను. ఉప్పునీళ్ళలో నానేసి, మురిక్కాలవ పక్కన పాతిపెట్టి, తుప్పు పట్టించి మరీ నన్ను ముసలిదాన్ని చేశారు.

తలుపు తీసినోడికి ఒక పేరు కావాలి గదా. అప్పుడు అందరూ దాహమేసి కోట దారిలోని చలివేంద్రం దగ్గర నీళ్ళు తాగుతున్నారు. పైన వెలిసిపోయిన బోర్డు, 'ఆరేటి వారి చలివేంద్రం' అని. "ఆరేటి నారప్ప! భలే కుదిరింది," అన్నాడు చక్రపాణి. ఆరేటోళ్ళు ఎవరన్నా ఊళ్ళో ఉన్నారేమోనని ఎవరో అంటే, ఎప్పుడో వెళ్ళిపోయారులే అన్నారు. మరి ఆ కుండలు ఎవరు నింపిస్తున్నారో ఒక్కడైనా అడిగాడా? ఎవరి నీళ్ళు తాగుతున్నారో వాళ్ళ ఇంటిపేరే ద్రోహికి తగిలించారు. చేతిలో గ్లాసు కింద పెట్టకుండానే తగిలించారు.

నారప్ప వేషం మస్తానుకిచ్చారు. వాడు ఎంత మెత్తని మనిషో, వేషంలో అంత పాపిష్టోడు. అటూ ఇటూ చూసి, నన్ను పైకెత్తి, కోట తలుపు పక్కన గాల్లో తిప్పేవాడు. మొదటి ఏడు జనం కేకలేశారు. రెండో ఏడు చెప్పులు విసిరారు. నిజం చెప్పొద్దూ, చెప్పులు పడ్డప్పుడు నాకు గర్వంగానే ఉండేది. నా మూలంగానే గదా ఇంత రక్తి కట్టిందని మురిసిపోయాను. బడుల్లో పిల్లలకు నన్ను చూపిస్తూ తిప్పేవాళ్ళు. "ఇదేనా సార్ ఆ తాళంచెవి?" అని పిల్లలడిగితే, మస్తాను "ఊఁ" అనేవాడు. ఆ ఊఁలన్నీ కలిసి నారప్ప చరిత్రయిపోయాడు.

కిందటి ఉగాది వెళ్ళినాక ఒక ఆదివారం ఒక పెద్దాయన కోటకొచ్చాడు. పంచె మీద పాత ఖాకీ చొక్కా.

"నా పేరు వెంగయ్య. ఇంటిపేరు ఆరేటి. బస్సు డ్రైవరుగా రిటైరై ఈమధ్యే సొంతూరొచ్చా," అన్నాడు.

కవాతు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఆయన చెప్పుకుపోయాడు. టీ కొట్టు కాడ ఆయన్ని 'తలుపాయన' అంటున్నారట. కోడలు కుళాయికి పోతే, "జరగండే, తలుపు తీసినోళ్ళొచ్చారు," అని బిందెలు లాక్కుంటున్నారట. ఇక తిట్టిపోస్తాడని అందరూ తలలు దించుకున్నారు. ఆయన చేతులు జోడించాడు.

"మావోళ్ళు ఇంత పాపం చేశారని నాకిన్నాళ్ళూ తెలీదు నాయనా. తెలిసినాక గమ్మునుండలేకపోతన్నా. నాకేదన్నా పని చెప్పండి. కొంచెమన్నా కడుక్కుంటా."

చక్రపాణి నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, పీడ వదిలిపోతుందనుకున్నాను. "అట్టాగే పెద్దాయనా," అన్నాడు, "ముళ్ళకంప కొట్టాల్సింది చాలా ఉంది."

నన్ను కరిగించి మేకులు చేసినా బాగుండునని నాకు మొట్టమొదటిసారి అనిపించింది ఆరోజే.

వేసవంతా వెంగయ్య కంప కొట్టాడు. బురుజు మెట్ల మీద మొలిచిన జిల్లేళ్ళు పీకాడు. ఎండకు కుర్రాళ్ళు నీడ వెతుక్కుంటుంటే ఆయన తలగుడ్డ తడుపుకుని మళ్ళీ కొడవలి పట్టేవాడు. ఇంటి నుంచి మజ్జిగ తెచ్చి అందరికీ పోసేవాడు, ముందు శత్రు సైన్యానికి, ఆ తర్వాత కోట సైన్యానికి. చలివేంద్రం కుండలు ఎక్కడెక్కడో బస్సులు నడుపుకుంటూ కూడా నింపించింది ఈయనేనని మాటల్లో తెలిసింది. అది విన్నప్పుడు మస్తాను చేతిలో మజ్జిగ ఒలికిపోయింది. వానాకాలం సాధన కల్యాణమండపంలోకి మారింది. టైలర్లు అంగరఖాలు కుడుతుంటే ఆయన బొత్తాలు కుట్టాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. ఈ వారం కాదు, వచ్చే వారం చెబుదామనుకుంటూ నెట్టుకొచ్చారు. ఆడి చూపించేదేమో వీరుల కథ, ఒక ముసలాయనకు నిజం చెప్పే ధైర్యం మాత్రం దండు మొత్తంలో లేదు.

దసరాకు ఆయుధపూజ చేశారు. చెక్క కత్తులు, అట్ట డాళ్ళు, బోరు పైపు ఫిరంగి, అన్నీ వరసగా పేర్చి, చివర నన్ను పెట్టారు. వెంగయ్య ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వచ్చాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆయన వేలు ఆగిపోయింది.

"దీనికొద్దు నాయనా," అన్నాడు. కాసేపటికి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. "మా నాయన పోయే ముందు తలుపు తియ్యండిరా, తలుపు తియ్యండిరా అని ఒకటే కలవరించాడు. ఎందుకో అప్పుడు నాకు తెలీలా. ఇప్పుడర్థమైంది. ఆ పాపం మా నాయన్ని చివరిదాకా వదల్లేదు."

నాకు నోరుంటే అరిచేదాన్ని. నేను నిన్నగాక మొన్న పుట్టిన ఇనప ముక్కనయ్యా, నీ తండ్రికీ నాకూ ఏం సంబంధమని అరిచేదాన్ని. పచ్చి అబద్ధం ఒకటి పోయి పోయి చచ్చిపోయిన మనిషి మంచం పక్కన కూర్చుంది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది చెప్పండి!

పూజ ప్రసాదం పంచకుండానే మస్తాను చక్రపాణిని పక్కకు లాక్కుపోయాడు. "నేనిక ఆ వేషం కట్టను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఇంక ఆయన మజ్జిగ నేను తాగలేను మస్తానూ. పద," అన్నాడు చక్రపాణి.

ఇద్దరూ ఆ సాయంత్రమే నన్ను పట్టుకుని వెంగయ్య ఇంటికెళ్ళారు. నారప్ప లేడన్నారు. తాళమే లేదన్నారు. చలివేంద్రం బోర్డు చూసే ఆ ఇంటిపేరు తగిలించానని చక్రపాణి చెప్పాడు. వెంగయ్య కేకలేయలేదు.

"మరి మా నాయన?" అన్నాడు.

"గాలాడక అన్నాడేమో పెద్దాయనా."

వెంగయ్య తన అరచేతుల్లోని కాయలకేసి చూసుకున్నాడు. "ఎండలో కంప కొట్టా గదయ్యా," అన్నాడు. అంతే, లేచి లోపలికెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారాలు ఆయన సాధనకు రాలేదు.

తప్పు దిద్దుకుందామని ఇద్దరూ ఊరి మీద పడ్డారు. ఊళ్ళో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటిలో చక్రపాణి తన మొహం కనపడేలా వీడియో పెట్టాడు. కార్తీక వనభోజనాల్లో మైకు పట్టుకుని, నారప్పను నేనే పుట్టించానని ఒప్పుకున్నాడు. జనం శ్రద్ధగా విన్నారు, విని జాలిపడ్డారు.

"పాపం, ముసలాయన కాళ్ళావేళ్ళా పడుంటాడు. చక్రపాణి మెత్తనోడు గదా, మార్చేశాడు," అన్నారు.

"ద్రోహం చేసింది చాలక, ఇప్పుడు చరిత్రే మార్పించేస్తన్నారా?" అన్నారు ఇంకొందరు.

"లేడంటే ఎట్టా? తాళంచెవి ఉంది గదా!" అని అందరూ అన్నారు. చూశారా, సాక్ష్యం నేనే.

మస్తాను ఉండబట్టలేక నన్ను టీ కొట్టుకు తీసుకుపోయి, తుప్పు గీకి, వెల్డింగ్ అతుకు చూపించాడు. నన్ను చేతులు మార్చుకుంటూ అందరూ చూశారు. "అబ్బ, ఆ రోజుల్లోనే ఎంత బాగా అతికారో!" అని మెచ్చుకున్నారు. మస్తాను నెత్తి కొట్టుకున్నాడు. కుళాయి దగ్గర ఈసారి బిందెలు లాక్కోవడంతో ఆగలేదు, అసలు నీళ్ళే పట్టనివ్వలేదు. వెంగయ్య కోడలు ఖాళీ బిందెతో ఇంటికొచ్చి, సామాను సర్దుకుని పుట్టింటికి పోతానంది.

సంక్రాంతి దాటాక వెంగయ్య తనే కోటకొచ్చాడు. ముందులా వంగి లేడు, నిటారుగా ఉన్నాడు.

"ఈసారి యుద్ధమైపోయినాక నాకు కాసేపు మైకియ్యండి. ఊరిని క్షమాపణ అడుగుతా," అన్నాడు.

మస్తాను ఉలిక్కిపడ్డాడు. "చెయ్యని తప్పుకా? నీకేమన్నా పిచ్చా పెద్దాయనా?"

"మీరు నిజం చెప్పి చూశారు గదా, ఊరికి ఎక్కిందా? ఎక్కదు. క్షమాపణైతే ఎక్కుద్ది. బస్సుకు గేదె అడ్డమొచ్చినా, ఎవడన్నా తాగి వచ్చి మీద పడినా, దిగి చేతులు జోడించింది నేనేనయ్యా. తప్పెవరిదని నిలబడి వాదిస్తే అద్దాలు పగిలేవి. జోడిస్తే జనం చల్లబడేవాళ్ళు, బండి కదిలేది. నా కోడలు కుళాయి కాడ నిలబడి నీళ్ళు పట్టుకోవాల. నాకంతే చాలు."

ఆట మానేద్దామన్నాడు చక్రపాణి. వెంగయ్య ఒప్పుకోలేదు. మానేస్తే నింద అట్టాగే ఉండిపోతుంది, మస్తానే వేషం కట్టాలి, బాగా కట్టాలన్నాడు.

మాఘమాసంలో ఆట రోజు కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. బోరు పైపు పొగ కక్కింది. గుర్రం యథాప్రకారం చిందులేసింది. మస్తాను నన్ను పైకెత్తినప్పుడు ఆ అరచేతిలో చెమటకి నేను జారిపోబోయాను. తిట్లు, ఈలలు, చెప్పులు. కోట పడిపోయింది. అప్పుడు వెంగయ్య ఉతికిన పంచెతో జనం మధ్యలోంచి నడిచి వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు.

"నేను ఆరేటి వెంగయ్యని. మావోడి వల్ల ఈ కోట పడిపోయింది. మా వంశం తరఫున మీ అందరి కాళ్ళకు మొక్కుతన్నా. మా ఇంటోళ్ళను ఇక ఏమీ అనొద్దు," అని మైకు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగి, ముక్కు నేలకు రాశాడు.

ఊరు ఒక్కసారిగా చల్లబడింది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. "లే తాతా, ఎప్పటిదో వదిలెయ్!" అని ఒకడరిచాడు. "నీ తప్పేముందయ్యా!" అని ఇంకొకడు. కుళాయి దగ్గర బిందె లాక్కున్నామె పోయి వెంగయ్య కోడలి చెయ్యి పట్టుకుంది. చేసిన వాళ్ళు క్షమిస్తున్నారు, పడినవాడు మట్టిలో ఉన్నాడు.

మస్తాను నన్ను వదిలేశాడు. నేను వాడికీ వెంగయ్యకీ మధ్య నేల మీద పడ్డాను. వాడు వేషంతోనే వెంగయ్య ఎదుట బోర్లా పడి, నుదురు మట్టికి ఆనించి, వెక్కుతూ, "నన్ను క్షమించు పెద్దాయనా, మమ్మల్ని క్షమించు," అన్నాడు. ఆ మాట మైకుకు అందలేదు. నారప్పకు బుద్ధొచ్చిందనుకుని జనం కేరింతలు కొట్టారు, చప్పట్లతో కోట గోడలు మోగిపోయాయి.

"లే మస్తానూ, జనం చూస్తన్నారు. నీ వేషం అయిపోయింది గదా," అన్నాడు వెంగయ్య మెల్లగా. ఆయన మాత్రం తల ఎత్తలేదు.