అక్క కొసరు

ఆ బీచిలో అలలకు రెండు ఎత్తులుండేవి. ఒకటి సముద్రం ఇచ్చేది, రెండోది అక్క రాసేది. ఈ రెంటికీ మధ్య తేడాకు జనం పెట్టుకున్న పేరు ‘అక్క కొసరు’. అంగడివాడు తూకం అయ్యాక పైన ఇంకో గుప్పెడు పడేస్తాడు చూడండి, అలా అక్క కూడా ఉన్న అల మీద ఇంకాస్త అల పోసి రాసేది. అంగడివాడి కొసరుకి అందరూ చేయి చాస్తారు. అక్క కొసరుని మాత్రం అందరూ నవ్వుకుంటూ పక్కన పెట్టేవారు.

ఆమె ఉద్యోగమే అది. బట్టలు మార్చుకునే గదుల మీద, ఇనప మెట్లెక్కి వెళితే ఒక చిన్న గది. ఒక కంప్యూటరు, ఉప్పుగాలికి తుప్పెక్కిన ఫ్యాను, సముద్రం వైపు పెద్ద కిటికీ. తెల్లవారగానే అక్క వచ్చి కూర్చుని, లోపలి సముద్రంలో తేలే యంత్రం పంపిన అంకెలు చూసేది. అల ఎత్తెంత, అలకూ అలకూ మధ్య ఎడమెంత, ఏ దిక్కునుంచి వస్తోంది. గాలి చూసేది, ఆటుపోట్లు చూసేది. ఇదంతా ఒక ఎత్తు, నీటికింది ఇసుక ఒక్కటీ ఒక ఎత్తు. అక్కడ రాళ్ళు లేవు. అల వచ్చి విరిగేది ఇసుక మేట మీదే. ఆ మేటకా, నిలకడ లేదు. ఒక్క గాలివాన కొడితే చాలు, నిన్న ఎడమవైపున్న మేట ఇవాళ నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. అందుకని అక్క బైనాక్యులర్సు మెడలో వేసుకుని ఒడ్డు పొడుగునా నడిచి, నురగ ఎక్కడ లేస్తోందో చూసుకుని, అప్పుడు మెట్ల కింద ఉన్న నల్లబల్ల మీద సుద్దతో రాసేది. సర్ఫింగ్‌కి వచ్చేవాళ్ళు ముందు ఆ నల్లబల్ల చదివి, ఆ తర్వాతే నీళ్ళలో కాలు పెట్టాలి.

చూసేదంతా సరిగ్గానే చూసేది. రాసేటప్పుడే చెయ్యి పైకి పోయేది. మోకాలెత్తు అలని నడుమెత్తు అనేది. నడుమెత్తుని ఛాతీ ఎత్తు అనేది, ఛాతీ ఎత్తుని తలెత్తు అనేది. నిజంగా తలెత్తు అలలు వస్తే ఇంకేముంది, ‘ప్రాణాంతకం’ అని రాసి కింద రెండు గీతలు కొట్టేది.

ఎందుకంటారా. ఆమెకొక తమ్ముడున్నాడు, అందుకు. తల్లి పోయేనాటికి వాడు చంకపిల్లవాడు. తొట్టి కనపడితే తొట్టిలో, కాలవ కనపడితే కాలవలో బుడుంగుమని దూకేవాడు. ఆ చప్పుడే వాడికి పేరైపోయింది. బుడుంగుని నీళ్ళలోంచి జుట్టుపట్టి లాగడంతోనే అక్క పడుచుతనం సగం గడిచిపోయింది. ఇప్పుడు బుడుంగు ఆరడుగుల మనిషి, పెళ్ళయినవాడు, ఆ బీచిలో సర్ఫింగ్ నేర్పే మాస్టరు. జుట్టుపట్టి లాగే వయసు దాటిపోయింది. ఇక ఆమె చేతిలో మిగిలింది సుద్దముక్క ఒక్కటే.

వాడేమన్నా తక్కువ తిన్నాడా. మొదటి ఏడే కనిపెట్టేశాడు. "మా అక్క భయాన్ని తీసేస్తే మిగిలిందే సముద్రం" అని అందరికీ చాటాడు. పొద్దున్నే వచ్చి నల్లబల్ల చదివి, కింద మూలన సుద్దతో చిన్న అడ్డగీత గీసేవాడు. తీసివేత గుర్తన్నమాట. వెనక వచ్చినవాళ్ళు ఆ గుర్తు చూసి, ఒక మెట్టు తగ్గించుకుని చదువుకునేవాళ్ళు. అక్క కిటికీలోంచి చూసి, "నేను చూసిందే రాశానురా" అని అరిచేది. "రోజూ అంటావుగా అక్కా" అని వాడు చెయ్యి ఊపి దిగేవాడు. ఇది వాళ్ళిద్దరి ముచ్చట. ఎవరికీ ఏ నష్టమూ లేదు. తగ్గించుకునేవాడు తగ్గించుకుంటాడు, కొత్తగా వచ్చినవాడు భయపడి ఒడ్డునే కూర్చుంటాడు. అక్కకి రెండూ సమ్మతమే.

అలా ఉండగా బీచికి కొత్త మేనేజరు వచ్చాడు. చొక్కా నలగని మనిషి, మాట మెత్తన. అక్కని కిందికి పిలిచి, కూర్చోబెట్టి, యంత్రం చెప్పిన ఎత్తులు ఒక పక్క, అక్క రాసిన ఎత్తులు ఇంకో పక్క పెట్టి చూపించాడు. నల్లబల్ల చదివి జనం వెనక్కి పోతున్నారని చుట్టుపక్కల హోటళ్ళవాళ్ళు మొత్తుకుంటున్నారట.

"మీమీద గౌరవం ఉందండి. కానీ ఇది వాతావరణ సూచన కాదు, మీ ఇంటి బెంగ" అన్నాడు. "రేపటినుంచి ఉన్నది ఉన్నట్టు రాయండి. చేతకాదంటే చెప్పండి, కంప్యూటరే రాసుకుంటుంది, మనిషితో పనిలేదు."

తల తీసేసినట్టయింది అక్కకి. ఎదురు చెప్పడానికి నోరెక్కడిది, అక్షరం అక్షరం తను రాసిందే కదా. "ఉన్నది ఉన్నట్టే రాస్తాను" అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆమె తమ్ముడింటికి వెళ్ళింది. వెళ్ళింది ఒక్క మాట చెప్పడానికే. ఇన్నాళ్ళూ కొసరు వేశాను, రేపటినుంచి వెయ్యను, నువ్వు తీసివేత మానెయ్యి. ఇంతే మాట. దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూ వెళ్ళింది. తీరా వెళితే అక్కడ బుడుంగు, వాడి పెళ్ళాం అన్నాలకి కూర్చుని ఉన్నారు. అక్కకీ కంచం పెట్టారు. పులుసు నోట్లో పెట్టుకుని బుడుంగు, "ఇవాళ ఉప్పెక్కువైంది. అక్క వండిందా ఏం?" అన్నాడు. మరదలు పకపకా నవ్వింది. "వదినకి మీకేమవుతుందోనని భయం, నాకు ఉప్పంటే భయం లేదు" అంది.

మామూలప్పుడైతే అక్క కూడా నవ్వేసేది. ఆ పూట మేనేజరు మాటలు ఒంటిమీద ఇంకా చుర్రుమంటున్నాయి. వీళ్ళకి కూడా నేను నవ్వులాటకే పనికొచ్చానన్నమాట అనుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు ముద్దలు తిని, తలనొప్పని చెప్పి లేచింది. చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే ఇంటికొచ్చి పడుకుంది. రేపు పొద్దున చెప్పొచ్చులే అనుకుంది. అభిమానం అలాంటిది, ఎప్పుడూ రేపటి మీదే వాయిదా వేస్తుంది.

మర్నాడు పొద్దున యంత్రం అంకెలు చూసేసరికి ఆమె నిద్రమత్తు వదిలిపోయింది. ఎక్కడో దూరాన, నడి సముద్రంలో రేగిన తుఫాను తాలూకు అలలు వస్తున్నాయి. ఎత్తు ఉంది సరే, అంతకన్నా భయపెట్టింది వాటి మధ్య ఎడం. అంత ఎడంతో వచ్చే అలలు దొంగ అలలు. గుంపుగా వచ్చి బాది, ఆనక చాలాసేపు ఊరుకుంటాయి. ఆ ఊరుకున్నప్పుడు చూసినవాడికి సముద్రం చెరువులా కనపడుతుంది. పైగా మొన్నటి గాలివానకి మేట నడిమధ్యకి జరిగింది. పోటు తీస్తున్నకొద్దీ దానిమీద నీళ్ళు పలచబడతాయి. అక్క ఒడ్డంతా నడిచింది, రెండుసార్లు చూసుకుంది, వచ్చి సుద్దముక్క పట్టుకుంది.

అలవాటుగా ‘ప్రాణాంతకం’ అని రాయబోయి ఆగింది. ఉన్నది ఉన్నట్టు. తలెత్తు అలలు, అంతే. ‘తలెత్తు. ఊరుకుని ఊరుకుని గుంపుగా వస్తాయి. మధ్య మేట మీద లోతు లేదు. దిగవద్దు.’ జీవితంలో మొదటిసారి కొసరు లేకుండా రాసింది. చదువుకుంటే ఆమెకే చప్పగా అనిపించింది. ఈ మాటలన్నీ ఇంతకుముందు, ఛాతీ ఎత్తు అలలకే, ఎన్నోసార్లు రాసినవే. ‘ప్రాణాంతకం’ అని ఉంటే, అందులోంచి ఒక మెట్టు తగ్గించుకున్నా బుడుంగు ఒడ్డునే కూర్చునేవాడు.

వాడు సర్ఫ్‌బోర్డు చంకలో పెట్టుకుని వచ్చేసరికి నల్లబల్ల దగ్గర నలుగురు చేరారు. హోటలు వాళ్ళిద్దరు, బీచికి కాపలా ఉండే ఈలమాస్టారు, వాళ్ళతోపాటు మేనేజరు. ఈలమాస్టారు డ్యూటీ ఇంకా మొదలవలేదు, కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది. మేనేజరు నల్లబల్ల చదివి మెచ్చుకోలుగా తలాడిస్తున్నాడు. అక్క పైన కిటికీ దగ్గర నిలబడి ఉంది.

బుడుంగు చదివాడు. సముద్రం వైపు చూశాడు. ఆ క్షణాన సముద్రం ఊరుకుని ఉంది. ఒక్క అల లేదు. వాడు నవ్వి, మూలన అడ్డగీత గీశాడు.

అక్క కిటికీ రెక్క తోసింది. "ఒరేయ్, ఇవాళ నిజంగానే రాశాను."

"రోజూ అంటావుగా అక్కా."

"కాదురా. ఇవాళ నిజం."

హోటలు వాళ్ళు నవ్వారు. మేనేజరు తలెత్తి చూశాడు. అప్పుడు అక్క నోట్లో ఇంకో మాట ఉంది. ఇన్నాళ్ళూ అబద్ధం రాశాను, ఇవాళ రాయలేదు. ఆ ఒక్క మాట అంటే చాలు, వాడు బోర్డు కిందపెట్టి పైకి చూసేవాడు. కానీ ఆ నలుగురి ముందు, ఆ నలగని చొక్కా ముందు, ‘అబద్ధం రాశాను’ అని తన నోటితో తను ఎలా అంటుంది. ఇన్నేళ్ళ నౌకరీ, ఇన్నేళ్ళ పరువు. దిగి వెళ్ళి చెవిలో చెప్పొచ్చు కదా అంటారేమో. దిగబోయింది కూడా. ఇనప మెట్ల మీద మొదటి మెట్టు దగ్గరే ఆగింది. రాత్రి పులుసు దగ్గర నవ్విన నవ్వు గుర్తొచ్చింది. పోనీ, ఒక్క మునక మునిగి ఉప్పునీళ్ళు తాగి వస్తే బుద్ధొస్తుంది వెధవకి, అనుకుంది. అవును, అనుకుంది. కన్నతల్లిలా పెంచిన మనిషే, అలాగే అనుకుంది.

బుడుంగు ఈదుకుంటూ మేట దాటి లోపలికి వెళ్ళాడు. బోర్డు మీద కూర్చుని ఒడ్డు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. వాడి వెనక నీళ్ళు మెల్లగా లేచాయి. మొదటి అల వాడిని దాటి పోయింది. రెండోదాన్ని అందుకుని లేచి నిలబడ్డాడు, ఎంత బాగా నిలబడ్డాడని, కింద హోటలువాడు ఈల కూడా వేశాడు. అప్పుడు అల కింద నీళ్ళన్నీ పీల్చేసింది. మేట బయటపడింది, తడి ఇసుక, గచ్చులా. దానిమీద అల మొత్తం ఒక్కసారే కూలింది. కింద బుడుంగు ఉన్నాడు.

అక్క మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. ఈలమాస్టారు గ్లాసు విసిరేసి అప్పటికే నీళ్ళలో పడ్డాడు. ఇద్దరూ కలిసి లాక్కొచ్చి ఒడ్డున పడుకోబెట్టారు. వాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. ఆమెనే చూస్తున్నాడు.

"కాళ్ళెక్కడున్నాయో తెలియట్లేదక్కా" అన్నాడు.

వెన్ను విరిగిందన్నారు డాక్టర్లు. నడుం కింద ఇక కదలదన్నారు. ఆసుపత్రి వరండాలో మరదలు ఏడ్చి ఏడ్చి ఊరుకుని, అక్క పక్కన కూర్చుంది. "దిగవద్దని మీరు రాశారట కదా వదినా. అందరూ అదే అంటున్నారు. మరి ఆయన ఎందుకు దిగారు?" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, తెలియకే అడిగింది. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

విచారణ అయ్యాక మేనేజరు స్వయంగా ఇంటికి వచ్చాడు. నల్లబల్ల ఫొటో తీయించి పెట్టాడట. యంత్రం అంకెలకీ అక్క రాతకీ వెంట్రుకవాసి తేడా లేదట. "మీమీద మాట రాదండి. నిజానికి ఇంత చక్కని సూచన మన బీచిలో ఇదివరకు ఎవరూ రాయలేదు" అన్నాడు. అక్క లేచి తలుపు తీసి పట్టుకుంది. అతను ఇంకా ఏదో చెబుతూనే చెప్పులు వేసుకున్నాడు.

బుడుంగుని ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశారు. అక్క పొద్దున బీచిలో రాసి, అక్కణ్ణుంచి నేరుగా వాడి దగ్గరికి వస్తుంది. ఒళ్ళు తుడుస్తుంది, పక్కకి దొర్లిస్తుంది. ఒకరోజు అలా దొర్లిస్తుంటే వాడు గోడకేసి చూస్తూ అడిగాడు.

"ఆ రోజు కొసరు వేయలేదు కదూ?"

"వేయలేదు."

"చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు.

అంతే అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు ఎంతో బాగుండేది. ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

నల్లబల్ల మీద అక్క ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే రాస్తుంది. జనం కూడా రాసింది రాసినట్టే చదువుతారు. మూలన అడ్డగీత గీసేవాళ్ళు లేరు. మంచం దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం ఆమె ఆ నిజాన్ని గుమ్మం బయటే వదిలి వస్తుంది.

ఒకనాటి పొద్దున నీళ్ళు అద్దంలా నున్నగా ఉన్నాయి. నేలమీంచి మెత్తగా గాలి, ఛాతీ ఎత్తున ఒకదాని వెనక ఒకటి అలలు, మేట మీద సమంగా లోతు. బుడుంగు ఏడాదంతా ఎదురుచూసేలాంటి పొద్దు. పిల్లా పెద్దా అందరూ నీళ్ళలోనే ఉన్నారు. అక్క అదంతా కళ్ళారా చూసి, రాసి, ఇంటికి వచ్చి తడిగుడ్డ పిండింది.

"ఎలా ఉందక్కా ఇవాళ?"

"ఏముంది, చెత్తగా ఉంది. గాలంతా అడ్డం. మోకాలెత్తు కూడా లేవు. ఎవడూ దిగలేదు."

బుడుంగు ఆమె మొహంలోకి చూశాడు. చాలాకాలం తర్వాత వాడి పెదవుల మీదికి కాస్త నవ్వు వచ్చింది.

"అంటే చాలా బాగుందన్నమాట" అన్నాడు.

ఆమె లేదనబోయింది. వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె తడిగుడ్డతో వాడి పాదాలు తుడవడం మొదలుపెట్టింది, మెల్లగా, ఒక్కొక్క వేలూ, వాడికి తెలుస్తుందన్నట్టు.