రాయి మీదికి నెట్టిన తప్పు

నాది టైల్స్ కోసే మిషను. రాళ్ళు కోయడానికి పుట్టింది కాదు. కానీ ఆ ఏడు మా గారుత్ కొండల్లో వేలికి ఉంగరపు రాయి లేని మగవాణ్ని టీ కొట్టు దగ్గర కూడా ఎవరూ పలకరించేవారు కాదు. నేనూ స్నానాలగదుల్లో టైల్స్ పరిచే పని పక్కన పెట్టి, వంటింటి వెనక గట్టు మీద మిషను బిగించి రాళ్ళు కోస్తూ కూర్చున్నాను.

సందు చివరింటి ఓనా అంబు (మా మాటలో అంబు అంటే అమ్మ) ఒక పొద్దున కోడిగుడ్డంత పచ్చరాయి తెచ్చింది. పోయిన మొగుడు వాగులో ఏరి తెచ్చిన రాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ నీళ్ళకుండ అడుగున ఉంది.

"ఆదివారానికి ఉంగరం చేసిపెట్టు జాంగ్." పెద్దవాళ్ళు మావైపు అబ్బాయిని అలాగే పిలుస్తారు.

"మగాళ్ళ పిచ్చి నీకూ పట్టిందా అంబు?"

"సోమవారం పెద్దాసుపత్రిలో కత్తి కింద పడుకునేది నేను గానీ మీ మగాళ్ళా? కడుపులో గడ్డ తీస్తారట. ఇది వేలికుంటే మా ఆయన చెయ్యి పట్టుకున్నట్టుంటుంది." నవ్వుతూనే అంది. రాయిని మరోసారి తుడిచి నా చేతిలో పెట్టింది.

మిషను అప్పటికి రెండ్రోజులుగా మొరాయిస్తోంది. బ్లేడు రాయిలోకి దిగకుండా పైపైన జారుతోంది. గీత తిన్నగా రాక పక్కకు పోతోంది. బ్లేడు మీదికి నీళ్ళు తెచ్చే గొట్టంలోంచి ధార దారప్పోగంత సన్నబడింది.

పక్కనే బట్టలు ఉతుకుతున్న నా పెళ్ళాం ఎంతిన్ తొంగి చూసింది. మొగుణ్ని కాంగ్ అనే పిలుస్తుంది. "కాంగ్, ఆ మిషను తొట్టిలోవి నీళ్ళా, గంజా? మార్చకూడదూ?"

"నీ బట్టలు నువ్వు ఉతుక్కో," అన్నాను. నా వెనక ఇంకో పది రాళ్ళు వరసలో ఉన్నాయి మరి.

అంబు రాయిని రెండు బొటనవేళ్ళతో బలంగా నెట్టాను. మోటారు మూలిగింది. కాలిన వాసన వచ్చింది. చూస్తే బ్లేడు మీద చుక్క నీరు లేదు. రాయి ముట్టుకుంటే చుర్రుమంది. బుద్ధున్నవాడు మిషను ఆపి రాయిని చల్లారనిస్తాడు. నేను చెంబుడు బావినీళ్ళు దాని మీద కుమ్మరించాను.

టప్‌మంది. నిలువునా రెండు ముక్కలు.

ఎంతిన్ చూసి, బకెట్టు తీసుకుని లోపలికి పోయింది. తిట్టుంటే బాగుండేది.

సాయంత్రం అంబు వచ్చేసరికి ఆ ముక్కల్ని గుడ్డలో కట్టి ఉంచాను. ఆవిడ విప్పి, రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "దానంతటదే పగిలిందా?"

మా వైపు ఒక నమ్మకం ఉంది. రాయి దానంతటది పగిలితే, తొడుక్కోవలసిన మనిషి కీడును అది మోసుకుపోయినట్టు లెక్క. అంబు ఏం అడుగుతోందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"దానంతటదే. బ్లేడు తగలకముందే. నీ కీడు అది తీసుకుపోయిందిలే అంబు."

ఆవిడ ఆ రెండు ముక్కలనూ కళ్ళకద్దుకుంది. నాకు తిట్లు తప్పాయి. ఆ క్షణానికి నేను చూసుకున్నది అంతే.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ వచ్చింది, మొహం వెలిగిపోతూ. "మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంట్లో తినాలి. మసీదు అజెంగన్ గారిని వచ్చి దువా ప్రార్థన చదవమన్నాను. ఇక ఆసుపత్రికి పోయేది లేదు. గడ్డను రాయి పట్టుకుపోయిందిగా!"

ఆవిడ గుమ్మం దాటగానే ఎంతిన్ నావైపు తిరిగింది. "ఈ నెల దాటితే కోసినా లాభం లేదని డాక్టరు అన్నాడు. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"తినొచ్చాక చూద్దాం..."

"తినొచ్చాకా!" చేతిలో తడిబట్ట తీగె మీద ఫెళ్ళుమనిపించింది.

అంబు ఇంట్లో చాప మీద పసుపన్నం గోపురంలా పోసి ఉంది. పక్కన వేయించిన కోడి. ఆవిడకున్న ఒక్కగానొక్క గుడ్లకోడి, మచ్చలది. దాని కాలు తీసి నా ఆకులో వేసింది. "తిను జాంగ్. నీ చేతిలో పగిలింది, ఆ పుణ్యం నీది."

అజెంగన్ గారు దువాకి చేతులెత్తారు. నేను ఆకును పక్కకు జరిపాను.

"ఒక్క నిమిషం అజెంగన్ గారూ." నా మాట నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. "రాయి దానంతటది పగల్లేదు. నేనే పగలగొట్టాను. గొట్టంలో రాతిపొడి బురద చేరింది, ఎంతిన్ చెప్పినా విన్లేదు. ఎండు బ్లేడు మీద నెట్టాను, మండే రాయి మీద చన్నీళ్ళు పోశాను. అబద్ధం చెప్పాను అంబు."

అంబు నన్ను చూసింది. ఆకులోని కోడికాలును చూసింది.

"అయితే నా కోడి నీ మురికినీళ్ళ కోసం చచ్చిందన్నమాట."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. అంతలో ఆవిడ చెయ్యి కడుపు మీదికి పోయింది. "అంటే... గడ్డ నాదే."

అజెంగన్ గారే మెల్లగా అన్నారు, "దువా చదువుదాం అంబు. రేపటి ప్రయాణం కోసం."

దువా అయ్యాక అంబు కోడికాలును నా ఆకులోంచి తీసి ఎంతిన్ ఆకులో వేసింది. "నువ్వు లే. మిషను దగ్గరికి పద."

అంబు మా గట్టు పక్కన పీట వేసుకుని కూర్చుంది. ప్లగ్గు పీకి, గొట్టం ఊడదీసి ఊదాను. ముద్దలాంటి బురద ఊడిపడింది. తొట్టి కడిగి మంచినీళ్ళు పోశాను. బ్లేడు అంచు అద్దంలా నున్నబడి ఉంది, కోసే గరుకంతా పూడిపోయింది. ఎర్ర ఇటుకముక్కను దాని మీద నాలుగుసార్లు కోస్తే, వేలికి మళ్ళీ గరగరలాడింది. అంబు వెంట తెచ్చిన పెద్ద ముక్క కదలకుండా రెండు పక్కలా చెక్కలు బిగించాను. ఇవన్నీ చేయడానికి అరగంట కూడా పట్టలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

"నెట్టకు," అంది అంబు.

"నెట్టట్లేదు."

"నీ భుజం నెడుతోంది."

భుజం వదిలేశాను. బ్లేడు తనంతట తానే దిగింది, తిన్నగా.

పొద్దు వాలేసరికి పెద్ద ముక్కలోంచి చింతగింజంత రాయి నిలిచింది. ఉంగరంలో బిగించాను. ఒక మూల వెంట్రుకంత చీలిక మిగిలిపోయింది. ఈసారి దాచకుండా చూపించాను. ఆవిడ గోటితో గీకి చూసి తొడుక్కుంది.

సోమవారం ఆసుపత్రికి నేనే వెంట వెళ్ళాను. తలుపు దగ్గర నర్సు ఉంగరం తీసేయాలంది. అంబు నన్ను ఎగాదిగా చూసింది. ఇవ్వడానికి ఇంకెవరూ లేరు. తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"బయటికొచ్చాక అడుగుతాను. ఇది కూడా దానంతటదే పగిలిందని చెప్పావో..."

తలుపు మూసుకుంది. బెంచీ మీద కూర్చున్నాను. పిడికిలి విప్పలేదు, గట్టిగా బిగించనూ లేదు.