కిటికీలోంచి వచ్చిన చెయ్యి

ఆ ఉదయం అమీర్ బాషా దగ్గర ఉన్న సరుకు ఇంతే: చెవి దాటి పైకి లేవని కుడిచెయ్యి, ఇంకా వణుకు రాని ఎడమచెయ్యి, అడుగుగిన్నెలో పెళ్లివారి నగ మోయాల్సిన అన్నం క్యారియరు, తలలో చిన్ననాటి కర్రసాము. మొదటి మూడింటికీ ఎవరైనా చూసి వెల కట్టగలరు. నాలుగోది ఇంకా ఉందో లేదో అతనికే తెలియదు.

తెల్లవారి నమాజు అయ్యాక మంచం అంచున కూర్చుని, కళ్లు మూసుకుని సాము చేస్తున్నాడు. మొదట కర్ర బరువు చేతికి తెలియాలి. తర్వాత దానికి పట్టించిన ఆముదం వాసన రావాలి. ఆ రెండూ రానిదే ఎదుటివాణ్ణి పిలవడు. వాసన వచ్చింది, ఎదుటివాడూ వచ్చాడు. ఈరోజు వాడు పొట్టివాడు, ఎడమచేతివాటం. తలమీదికి వచ్చిన దెబ్బను అమీర్ పక్కకు తోసి, ఒకడుగు లోపలికి వేసి, వాడి మోచెయ్యి పట్టాడు. మళ్లీ మొదటినుంచి, ఇంకా నెమ్మదిగా. ఈసారి ఎదుటివాడే గెలిచాడు. తలలో చేసే సాములో ఎప్పుడూ మనమే గెలుస్తూ ఉంటే అది సాధన కాదు, నిద్ర అని జమ్మలమడుగులో ఉస్తాదు చెప్పేవాడు.

పీర్ల పండుగ ముందు వానపడి నేల బురదైతే ఉస్తాదు పిల్లల్ని పీర్లచావిడి అరుగుమీద వరసగా కూర్చోబెట్టి, కర్రలు పక్కన పెట్టించి కళ్లు మూయించేవాడు. "బురదలో కాళ్లు జారతాయిరా, తలకాయలో జారవు. కొట్టండి!" అనేవాడు. మిగతా పిల్లలు కునుకు తీసేవాళ్లు. అమీర్‌కు మాత్రం ఆ విద్య అబ్బింది. తర్వాత ఉస్తాదు పోయాడు, కర్రలు పోయాయి, స్కూటరు మీదనుంచి పడి భుజం పోయింది. అరుగుమీద నేర్చుకున్నదొక్కటే ఖర్చు కాకుండా మిగిలింది.

"భుజానికి నూనె రాయనియ్యవు, డాక్టరుకాడికి పోవు. పొద్దున్నే ఎవరితో కొట్లాడతాండావు?" భార్య దిల్షాద్‌బీ క్యారియరు గిన్నెలు తుడుస్తూ అడిగింది.

"ఈ పొద్దు వాడే గెలిచినాడులే."

"అయితే వాన్నే ఉండమను. ఈ అన్నం వానికే పెడతా."

అమీర్ నవ్వి లేచాడు. లేస్తూ కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. అది చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

గంగాధరం శెట్టి నగల అంగడిలో అతని పని చేర్చడం. ప్రొద్దుటూరులో తయారైన నగను జమ్మలమడుగులోనో పులివెందులలోనో పెళ్లివారింటికి ఆర్టీసీ బస్సులో తీసుకుపోయి ఇచ్చి రావాలి. మాసిన చొక్కా, రబ్బరు చెప్పులు, చేతిలో క్యారియరు. పైగిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో పప్పు, అడుగున దూదిలో చుట్టిన బంగారం. ఇన్నేళ్లలో ఒక్క దొంగా రాలేదు. రాలేదు కాబట్టే అతనికి ఆ నాలుగో సరుకుమీద అనుమానం. అమ్ముడుపోని మూట అటకమీద భద్రంగా ఉందో, చెదలు తినేసిందో దించి చూస్తేగానీ తెలియదు కదా.

పనిలో చేరిన రోజు శెట్టికి అతను ఒక మాట ఇచ్చాడు. "చేతకాని రోజు నేనే చెప్తా శెట్టీ. నువ్వు అడిగే పని పెట్టుకోవద్దు." పోయిన ఏడాదినుంచి చెయ్యి లేవడం లేదు. ఆ సంగతి చెప్పలేదు. తలలో సాము ఉన్నంతవరకు చేతకానట్టు కాదని తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. పరాయివాళ్ల బంగారం మోసే అర్హత తనకింకా ఉందా అన్నదే కొంతకాలంగా అతన్ని తొలుస్తున్న ప్రశ్న.

అంగడిలో శెట్టి కొడుకు ఉదయ్‌కిరణ్ హారాన్ని అడుగుగిన్నెలో సర్దుతూ అన్నాడు. "మామా, ఇది పెద్ద సరుకు. పులివెందులకు కారు పంపిస్తా, దర్జాగా పోరాదా?"

"కారునైతే ఊరంతా సూస్తాది. నన్నెవరు సూస్తారప్పా?"

గంగాధరం కళ్లద్దాల పైనుంచి అతని భుజంవైపు చూశాడు. "చెయ్యి ఎట్లుంది అమీరూ?"

"ఉందిలే శెట్టీ."

అబద్ధం కాదు. అడిగినదానికి జవాబూ కాదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, క్యారియరు ఒడిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కండక్టరు ఫరూఖ్‌కు ఆ అలవాటు తెలుసు. పక్కన నిలబడినవాళ్లతో, "అమీర్ మామ కండ్లు మూసుకుంటే కదిలించొద్దండి. టికెట్టు నేనే జోబులో పెడతా" అన్నాడు. బస్సులో చేసే సాము వేరు. ఇక్కడ కర్ర ఉండదు. ముందు సీటు కమ్మీ ఉంటుంది, ఇరుకు ఉంటుంది, కిటికీ ఉంటుంది. మెట్లమీదనుంచి వచ్చే దొంగను, వెనకసీటులోంచి వంగే దొంగను, కిటికీలోంచి చెయ్యి పెట్టే దొంగను ఒక్కొక్కణ్ణే పిలిచి పంపించేవాడు.

జమ్మలమడుగు బస్టాండులో బస్సు ఆగీఆగకముందే జనం మూగారు. అమీర్ కళ్లు తెరవలేదు. తలలో అప్పుడే కిటికీలోంచి ఒక చెయ్యి వస్తోంది. సరిగ్గా అప్పుడే నిజంగానూ ఒక చెయ్యి వచ్చింది. దాని వేళ్లు క్యారియరు పిడికి తగిలాయి.

తర్వాతిది అతని చేతులే చేశాయి. ఎడమచెయ్యి ఆ మణికట్టును దొరకబుచ్చుకుని గుండెకు అదిమింది. ఏడాదిగా మొరాయిస్తున్న కుడిచెయ్యి లేచి మోచేతి వెనక తగులుకుంది. అవతలివాడి మోచెయ్యి కిటికీ అంచుమీద వెల్లకిలా పడింది. ఇంకొక్క అదుముకు ఎముక విరుగుతుంది.

ఆ వేళ్లలోంచి ఆకుపచ్చ తువ్వాలు జారి అతని మోకాళ్లమీద పడింది.

సీటు కోసం వేసిన తువ్వాలు! కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు వేసినవాడిది. బస్సెక్కడం నేర్చినప్పటినుంచీ అమీర్ కూడా అలాగే వేస్తూ వచ్చాడు. చప్పున చేతులు వదిలేశాడు.

"యా అల్లా! సీటుకు గుడ్డ ఏస్తే చెయ్యి ఇరగ్గొడతావేందప్పా?" బయటినుంచి కేక వినిపించింది.

"ఆయప్ప సీటుకు తాళమేసుకున్నాడ్రోయ్!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది.

మణికట్టు రుద్దుకుంటూ ముప్పైఏళ్ల మనిషి లోపలికి వచ్చాడు. పేరు జమాల్. అతని వెనకే వాళ్లమ్మ మహబూబ్‌బీ వచ్చి, కొడుకు వేసిన తువ్వాలు పక్కసీటుమీద పరుచుకుని కూర్చుంది. ఆమె చెవి రంధ్రాల్లో కమ్మలకు బదులు వేపపుల్లలు ఉన్నాయి.

"క్యారియర్‌లో ఏం కూర తెచ్చుకున్నావన్నా? తాకితేనే పానం తీస్తాండావే!" అంది ఆమె.

"పప్పు, అక్కా."

"పప్పుకే ఇంత కోపమా! అదే బిర్యానీ అయ్యింటే నా కొడుకు తలకాయ ఎగిరిపోయేది."

అమీర్‌కు నవ్వు రాలేదు. "తప్పయింది బిడ్డా. ఏదీ, వేళ్లు ఆడిచ్చు" అన్నాడు.

జమాల్ వేళ్లు ముడిచి తెరిచి చూపించాడు. "ఏం కాలేదులే మామా. ఇరిగుంటే మాత్రం నా పని అయిపోయేది. వచ్చే వారం కువైట్‌కు పోతాండా, డ్రైవర్ పని. కట్టు కట్టుకోని పోతే రానిస్తారా? వీసాకు అమ్మ కమ్మలు గూడా పాయ. అక్కకు చెప్పి వద్దామని పులివెందులకు పోతాండాం."

"ఆ కమ్మలు మల్లా చెవులకు రాకముందే బస్సంతా చెప్పడమెందుకు, ఎగతాళి కాకపోతే?" అంది మహబూబ్‌బీ. అంటూనే కొడుకు మణికట్టును తన చేతిలోకి తీసుకుని దారి పొడుగునా రాస్తూనే ఉంది.

పులివెందుల దాకా అమీర్ మళ్లీ కళ్లు మూయలేదు. మూట అటకమీదినుంచి దిగింది, చెదలు పట్టలేదు. అంతవరకు లాభమే. మరి నష్టం? ఇన్నేళ్లుగా తలలోకి ఎందరిని పిలిచాడు! పొట్టివాళ్లను, పొడుగువాళ్లను, కత్తులవాళ్లను పిలిచాడు. తువ్వాలు పట్టుకున్నవాణ్ణి ఒక్కసారీ పిలవలేదు. తనవైపు వచ్చే ప్రతి చెయ్యీ దొంగచెయ్యే అని చేతులకు తానే నేర్పిపెట్టాడు. చివరి అదుమును ఆపింది తానా, జారిపడిన తువ్వాలా? ఎన్నిసార్లు వేసుకున్నా ఆ లెక్క తేలలేదు.

పెళ్లివారింట్లో శకుంతలమ్మ దేవుడి గది ముందు కూర్చుని హారం అందుకుంది. పెళ్లికూతురు లక్ష్మీప్రియ మెడకు ఆనించి చూసుకుని, "అమ్మా, హారం పప్పు వాసనొస్తాంది!" అని పకపకా నవ్వింది. శకుంతలమ్మ అమీర్‌కు భోజనం పెట్టించింది. చేయి కడుక్కుని అతను అరుగుమీదికి వచ్చి ఫోను తీశాడు.

"శెట్టీ, సరుకు చేరింది. ఇంగ ఈ పని నాతో కాదప్పా."

"ఏమైంది? భుజమా?"

"భుజం బాగనే లేసింది. కన్ను తప్పింది." జరిగింది చెప్పాడు.

గంగాధరం నవ్వాడు. "ఇరగలేదు గదా! దానికే పని మానుకుంటారా?"

"ఇరిగున్నా నీ బంగారం బాగనే ఉండేది శెట్టీ. ఆ పిల్లోని బతుకే..."

"సరే, ముందు ఇంటికి రా అప్పా. కూర్చోని మాట్లాడుకుందాం" అన్నాడు శెట్టి.

తిరుగు ప్రయాణంలోనూ ఫరూఖ్ బస్సే దొరికింది. అమీర్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎడమభుజం కూడా లాగుతున్నట్టు అనిపించింది. మధ్యాహ్నం భోజనం ఎక్కువైందనుకున్నాడు. ఖాళీ క్యారియరు కాళ్లదగ్గర పెట్టి కళ్లు మూసుకున్నాడు.

కిటికీలోంచి చెయ్యి వచ్చింది. అతను పట్టేశాడు. తప్పు. మళ్లీ మొదటినుంచి, ఇంకా నెమ్మదిగా. చెయ్యి వచ్చింది. ఈసారి ముందు వేళ్లు చూశాడు, వేళ్లలో ఉన్నది చూశాడు. తువ్వాలు. తన చేతులు అప్పటికే సగం లేచి ఉన్నాయి, వాటిని మెల్లగా దించాడు. మళ్లీ. చెయ్యి వచ్చింది. అతను తువ్వాలు అందుకుని, పక్కసీటుమీద పరిచి, ముడతలు సరిచేశాడు.

జమ్మలమడుగులో ఎక్కినవాళ్లకు ఫరూఖ్ ఎప్పటిలాగే చెప్పాడు, కదిలించొద్దని. ప్రొద్దుటూరులో బస్సు ఖాళీ అయ్యాక తానే వచ్చి భుజం తట్టాడు. అమీర్ మామ రెండు చేతులూ ఒడిలో తెరుచుకుని ఉన్నాయి, ఎవరో ఏదో అందిస్తుంటే పుచ్చుకుంటున్నట్టు.

అమీర్ పోయిన మూడోనాడు, జియారత్ రోజు, గంగాధరం వచ్చాడు. ఇల్లు చిన్నది. ఆయన్ను ఆ మంచం అంచునే కూర్చోబెట్టారు. ఆయన వ్యాపారి, ఊరికే కూర్చోలేడు. ఆ మనిషి సాధనకు రాబడి ఏమిటని మనసులోనే లెక్క వేశాడు. పట్టిన దొంగ లేడు. పోయిన నగ లేదు. ఎవరిదో ఒక చెయ్యి మాత్రం కట్టు లేకుండా కువైట్ విమానం ఎక్కబోతోంది.

పరదా వెనకనుంచి దిల్షాద్‌బీ అంది. "ఆడ చాప చినిగింది శెట్టీ, కాలు తగులుకుంటాది, జాగర్త. మార్చనిచ్చేవాడు కాదు."

గంగాధరం కిందికి చూశాడు. మంచం ముందు పరిచిన ఈతచాపలో అల్లిక రెండుచోట్ల అరిగిపోయి ఉంది, అరిపాదం అంత మేర. ఎడమది కాస్త ముందుకు, కుడిది వెనక్కి, పక్కకు తిరిగి, సాముకు నిలబడ్డట్టు. ఆ రెంటిలోంచి కింది నల్లబండ నున్నగా మెరుస్తోంది.