గన్నేరుకు మూడో ఆకు

నలభై ఏళ్లుగా గుడ్డపూలు చేస్తున్నాను. గన్నేరు కొమ్మకు మాత్రం ఎప్పుడూ కణుపుకు రెండు ఆకులే కట్టాను. అసలు చెట్టుకు మూడుంటాయని తెలియక కాదు. మూడోది కడితే కొమ్మ అట్టపెట్టెలో బల్లపరుపుగా పడుకోదు, ఆకు నలిగిపోతుంది. కొనేవాళ్లెవరూ లెక్కపెట్టనూ లేదు.

లెక్కపెట్టింది మా మనవరాలి టీచరమ్మ. మనవరాలు ఒక్కచోట కుదురుగా నిలవదు, అందుకే దాన్ని బొంగరం అంటాం. మొక్కల పరీక్షలో అది మా కిటికీకి వేలాడే గుడ్డకొమ్మను తలుచుకుని కణుపుకు రెండాకులు గీసి, తప్పింది. మళ్లీ పరీక్ష సోమవారం. అదీ పోతే అదే తరగతిలో ఇంకో ఏడాది.

"అమ్మమ్మా, నన్ను నువ్వే ముంచావు," అంటూ కాగితం నా ఒళ్లో పడేసింది.

"గేటు పక్కనే చెట్టుంది కదే. నీ కళ్లెక్కడికి పోయాయి?"

"నీ కొమ్మైతే మంచం దిగకుండానే కనిపిస్తుంది మరి."

నవ్వొచ్చింది గానీ, లోపల కలుక్కుమంది. అసలు కొమ్మ తెంపుకొచ్చి, పాలు అంటిన చేతులు కడుక్కుని, దాన్ని చూసి గుడ్డతో కట్టమని మనవరాలికి కత్తెర ఇచ్చాను.

మూడాకులు కట్టింది. పై కణుపు ఆకులు సరిగ్గా వాటి మీదే కట్టింది. కొమ్మ చీపురుకట్టలా తయారైంది.

"కిందివాళ్ల నెత్తినెక్కి కూర్చుంటారటే? సందు చూసి పెట్టు. ఎండ అందరికీ కావాలి."

విప్పి కట్టింది. కొమ్మకు ప్రాణం వచ్చినట్టయింది. తరువాత పువ్వు. అడుగున ఐదు పచ్చ రేకులు, వాటి సందుల్లో ఐదు గులాబీ రేకులు, మళ్లీ ఆ సందుల్లో ఐదు కేసరాలు, నట్టనడుమ జంటగా గింజల గదులు.

"అంతా సందుల్లోనేనా?"

"మనింటి గుంపు ఫోటోలో వెనక వరసలో మీ పెద్దమ్మ లేదూ? ముందువాళ్ల భుజాల మధ్య నుంచి మొహం బయటపెట్టలా?"

సోమవారం మధ్యాహ్నం మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది.

"కణుపుకు నాలుగాకులుండే కొమ్మ గీయమన్నారు అమ్మమ్మా. అలాంటి చెట్టు పేరైనా తెలీదు. పెద్దమ్మను తలుచుకుని పై ఆకులు కింది సందుల్లో గీసేశాను."

"గట్టెక్కావా?"

"గట్టెక్కా. ఎవరు నేర్పారని టీచర్ అడిగింది. రేపు మన కొత్త కొమ్మ తెమ్మంది, తరగతిలో పెడుతుందట."

దానికి సరిపడే పెట్టె ఇంట్లో లేదు. తెల్లారాక రెండు చేతులా నిలువుగా పట్టుకుని బయల్దేరింది. మూడో ఆకు ఎవరికీ తగలకుండా వీధి చివరిదాకా అడుగులో అడుగేసుకుంటూ వెళ్లింది. మా బొంగరం మెల్లగా నడవడం, అది పుట్టాక నేను చూడటం అదే మొదటిసారి.