చప్పుడెక్కువ బండి

గోర్డీ బోడిన్ కొట్టు ముందున్న ఆవరణలో ఫోర్‌వీలర్లు, అడవి దారుల్లో మోటారు సైకిల్లా ఎక్కి తోలే నాలుగు చక్రాల బళ్ళు, వరసగా నిలబెట్టి ఉన్నాయి. రెయినో లహ్తి ఒక్కోదాని పక్కకీ వెళ్ళి, భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి నెడుతున్నాడు. బండి అవతలి చక్రాల మీదికి ఒరిగి, మళ్ళీ ధబ్బున నేలకు పడితే తల అడ్డంగా ఊపి ఇంకోదాని దగ్గరికి పోతున్నాడు. కొనడానికొచ్చిన వాళ్ళెవరైనా సీటెక్కి చూస్తారు, హ్యాండిల్ పట్టుకుని చూస్తారు, బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కి మురిసిపోతారు. బండిని పడదొయ్యాలని చూసే బేరగాణ్ణి గోర్డీ తన వ్యాపారంలో ఎన్నడూ ఎరగడు. అయినా పక్కకు తప్పుకుని చోటిచ్చాడు. రెయినో ఎందుకలా చేస్తున్నాడో ఆ అడవి పక్క ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు.

బండి రెయినోకి కాదు, లినెట్‌కి. లినెట్ అతని తమ్ముడు ఆర్వో కూతురు. చలికాలమంతా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతుంది, మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. తండ్రి పోయిన ఏడాదికి, అడవిలో తండ్రి జింకల కోసం కాపేసే మంచె మీద తానే కూర్చుంటానని పట్టుబట్టింది. అన్నదమ్ముల వేట గుడిసె ఉన్న క్యాంపు నుంచి ఆ మంచె దాకా నడవాలంటే చిత్తడి దాటాలి, గుట్ట ఎక్కాలి. జింకను కొడితే ఆడమనిషి ఒంటరిగా ఈడ్చుకు రాలేదు. బండి కావాలి. ఆ బండి పెదనాన్నే ఎంచాలని కూడా ఆమే అంది. ముసలాయన మళ్ళీ మనుషుల్లో పడతాడని ఆమె ఆశ.

"పెదనాన్నా, ఈ ఆకుపచ్చది చూడు. ముందూ వెనకా క్యారియర్లున్నాయి. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఎంత బురదలోనైనా కూరుకుపోదు."

"మీ నాన్నదీ నాలుగు చక్రాలూ లాగేదే," అన్నాడు రెయినో.

గోర్డీ గబగబా వచ్చి అందుకున్నాడు. "ఒరే రెయినో, అది వదిలెయ్. దీని సంగతి విను." తాళం తిప్పాడు. "వినపడిందా? వినపడదు. అదే దీని గొప్ప. పక్కనుంచి పోయినా జింక మేత మానదు. అందరూ దీనికోసమే ఎగబడుతున్నారు."

రెయినో ఆ బండి వంక పామును చూసినట్టు చూశాడు.

నిరుడు నవంబరులో, జింకల వేటకు సర్కారు అనుమతిచ్చే మొదటి రోజు, వేట తెరిచిన పొద్దున, అన్నదమ్ములిద్దరూ చీకటితోనే కాఫీ తాగారు. ఆర్వో తన బండెక్కి గుట్ట మీది మంచెకు బయల్దేరాడు. రెయినో నడిచి వాగు పక్కనున్న తన మంచెకు పోయాడు. గుట్టెక్కుతున్న బండి చప్పుడు వినబడింది, ఆగింది. బండి దిగి మంచెక్కాడనుకున్నాడు రెయినో. ఇంకెవరైనా అంతే అనుకుంటారు. వేట తెరిచిన రోజున పొద్దుగూకేదాకా అడవిలో ఎవరూ ఇంజను స్టార్ట్ చెయ్యరు, ఒకరి మంచె దగ్గరికి ఒకరు పోరు, గొంతెత్తి పిలవరు. ఒకడి వేట ఇంకొకడు చెడగొట్టడం కంటే పెద్ద అమర్యాద అక్కడ లేదు. పొద్దంతా తమ్ముడి తుపాకి పేలకపోతే, రాత్రి భోజనాల దగ్గర వాణ్ణెలా ఏడిపించాలా అని రెయినో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

చీకటిపడ్డాక కనబడ్డాడు ఆర్వో. ఒకప్పుడు దుంగలు మోసే రైలు నడిచిన పాత మట్టికట్ట వాలులో బండి పక్కకు దొర్లి అతని రొమ్ము మీద పడి ఉంది. తుపాకి దాని సంచిలో, ముందు క్యారియర్‌కు కట్టి, చేతికందనంత దూరంలో ఉంది. రెండు చేతుల కిందా నేల గుంటలు పడింది. మధ్యాహ్నం దాటేదాకా ప్రాణం ఉండే ఉంటుందన్నాడు డాక్టరు. అనకుండా ఉంటే బాగుండేది. కొందరికి తెలిసిందంతా చెప్పేస్తే గాని తోచదు.

నీ తప్పేం లేదు, ఎవరైనా అంతే చేస్తారు అని ఊరంతా ఓదార్చింది. చర్చిలో అన్నారు, కాఫీ కొట్టులో అన్నారు. ఆ మాట నిజమే. ఆ నిజమే రెయినోను పురుగులా తొలిచేస్తోంది. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. ఆ క్యాంపు, ఆ తమ్ముడు, ఏడాదికొకసారి ఆ వేట, అతనికున్నదల్లా అంతే. ఇప్పుడు లినెట్ వస్తానంటోంది. ఆమె వస్తే క్యాంపు పొయ్యి మళ్ళీ వెలుగుతుంది. రాకపోతే తలుపుకు తాళమే.

"నేను రోడ్డవతలికి పోతా," అన్నాడు రెయినో. "ఒక్కోటీ స్టార్ట్ చెయ్. వినబడితే చెయ్యెత్తుతా."

"వినబడితే కొంటావా, వినబడకపోతే కొంటావా?" గోర్డీకి బోధపడలేదు.

"వినబడితే."

అలా సాగింది ఆ బేరం. రెయినో రోడ్డు దాటి, రంపపు మిల్లు కంచె దాకా పోయి, టోపీ తీసి నిలబడ్డాడు. గోర్డీ ఒక్కో బండీ స్టార్ట్ చేస్తున్నాడు. రెయినో చెయ్యి లేవలేదు. పెట్రోలు పోయించుకోడానికి వచ్చినవాళ్ళు ఆగి మరీ చూశారు. చివరికి షెడ్డు వెనక సీటు చిరిగి పడున్న ఎర్ర బండి దగ్గరికి వచ్చింది వంతు. దాని సైలెన్సర్ నిలువునా పగిలింది. స్టార్ట్ చెయ్యగానే కొట్టు రేకులు అదిరాయి. రెయినో చెయ్యెత్తాడు.

తిరిగొచ్చి దానికి భుజం ఆనించి నెట్టాడు. తేలికగా లేచింది. మీద పడ్డా మనిషి తోసుకోగలిగేంత తేలిక.

"ఒరే, అది అమ్మేది కాదురా," గోర్డీ తల పట్టుకున్నాడు. "సామాన్లు పీక్కోడానికి పెట్టుకున్నా. పోనీ, సైలెన్సరైనా మార్చి ఇస్తా."

"వద్దు. మారిస్తే బేరం లేదు."

"దీని మీద వేటకి పోతే జింకలు కెనడాకి పారిపోతాయి."

"పోనీ."

లినెట్ పకపకా నవ్వింది. "తీసుకుందాం గోర్డీ. నాకు చెవుడొస్తే ఈయనే మందిప్పిస్తాడు." తర్వాత పెదనాన్న చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళి గొంతు తగ్గించింది. "నీ మాట నేను విన్నా. నా మాట నువ్వు వినాలి. బండి ఆగగానే నువ్వు ఉరికి రాకూడదు. మధ్యాహ్నం తిండికి నేనే దిగొస్తా. అందాకా నీ మంచె మీద నువ్వు కూర్చోవాలి. నువ్వు నా వెనకే తిరుగుతూంటే ఇద్దరికీ పిచ్చెక్కుతుంది. అలాగైతే నేనిక ఈ క్యాంపుకి రాను. నిజంగానే చెప్తున్నా."

"కూర్చుంటా తల్లీ," అన్నాడు రెయినో. ఆ క్షణాన కూర్చోగలననే అనుకున్నాడు పాపం.

వేట తెరిచే ముందు సాయంత్రం లినెట్ పేస్టీలు తెచ్చింది. ఆవిరి గదిలో పొయ్యి రాజేసి, ఒళ్ళు కాచుకుని, మాంసమూ దుంపలూ కూరిన ఆ పేస్టీలు ఇద్దరూ వేడివేడిగా తిన్నారు. ఏడాదిలో మొదటిసారి రెయినోకి తిండి సయించింది. లినెట్ తండ్రి చిన్నప్పటి కథలు అడిగి అడిగి చెప్పించుకుంది. ఆర్వో చిన్నప్పుడు ఎలుగుబంటి అనుకుని పక్కింటి ఆవును చూసి చెట్టెక్కిన కథ చెబుతూ రెయినో నవ్వాడు కూడా. పడుకునే ముందు ఒక ఈల తెచ్చి ఆమె మెడలో వేశాడు.

"మంచెక్కగానే ఒక్కసారి ఊదుతావా?"

"వేటలో ఈలేంటి పెదనాన్నా? నాన్న ఉంటే తన్నేవాడు. ఆపదొస్తే ఊదుతా. లేకపోతే లేదు."

పొద్దున చీకట్లోనే ఎర్ర బండి కదిలింది. ఆ మోతకి క్యాంపు కిటికీలు గలగలలాడాయి. రెయినో వాగు పక్కకి నడిచి, మంచెక్కి, చెక్క చల్లదనానికి తట్టుకోలేక, తోటి వేటగాళ్ళకు మనిషని తెలిసేలా తొడుక్కునే నారింజ రంగు కోటు విప్పి కింద పరుచుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ చేసేదే. మోత గుట్ట వైపు పోతోంది. చిత్తడి దాటింది. రైలు కట్ట దగ్గరేమో, ఒకసారి దగ్గింది. ఇంకాస్త పోయింది. ఆగింది.

అప్పుడు తెలిసింది రెయినోకి తాను ఎంత వెర్రిపని చేశాడో. చప్పుడు బండి ఆగిందని చెబుతుంది గాని, ఎందుకాగిందో చెప్పదు. ఆ మోత ఎంత పెద్దదో, దాని వెనక వచ్చిన నిశ్శబ్దమూ అంత పెద్దదైంది. కట్ట దాటాక ఆగిందా, దాటకముందే ఆగిందా? చెవులు రిక్కించాడు. ఈల లేదు. రొమ్ము మీద బరువు పడితే ఈల ఊదడానికి ఊపిరెక్కడిది? ఈ మాట ఈల కొన్నప్పుడు ఎందుకు తట్టలేదు?

కూర్చుంటానని మాటిచ్చాడు. చెక్కను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. తెల్లవారింది. దూరాన ఎవరివో తుపాకులు పేలుతున్నాయి. గుట్ట మీంచి ఏమీ లేదు. తమ్ముడి చేతుల కింద పడిన గుంటలు కళ్ళ ముందు కదిలాయి. ఇంకో మనిషి నేలను అలా గీరుతోందేమో, తాను ఇక్కడ మర్యాదగా కూర్చుని ఉండగా. ఇక కాలు నిలవలేదు. దిగేశాడు. కోటు మంచె మీదే ఉండిపోయింది. ఒంటి మీద ఉన్నది గోధుమ రంగు ఉన్ని చొక్కా, ఆ రోజు అడవిలో జింక ఒంటి రంగు.

ఆ గుబుల్లో కూడా అతను అరవలేదు. లినెట్ క్షేమంగా ఉంటే వేట చెడుతుందని. పుల్ల విరగకుండా, ఆకు నలగకుండా, చిన్నప్పుడు తండ్రి నేర్పిన నడకతో గుట్టెక్కాడు. కట్ట వాలు ఖాళీగా ఉంది. ఇంకాస్త పైన, మంచె కిందికి వచ్చే దారిలో, ఎర్ర బండి నాలుగు చక్రాల మీద చక్కగా నిలబడి ఉంది. ఆ బండిని చూడగానే పొదల్లో చతికిలబడి, తల వంచుకుని, చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. కొమ్మలు కదిలాయి.

పైన టక్కున చిన్న చప్పుడైంది. తుపాకి గడియ తీసిన చప్పుడు. తలెత్తాడు. గొట్టం సూటిగా అతని మీదికే ఉంది. దాని వెనక లినెట్ కన్ను.

తర్వాత గొట్టం మెల్లగా దిగింది. లినెట్ నిచ్చెన దిగి వచ్చి, తుపాకిలోంచి తూటాలన్నీ తీసి నేల మీద పడేసింది. చెట్టు పట్టుకుని వాంతి చేసుకుంది.

"గోధుమ రంగు కనబడింది," అంది. "తల వంచి మేస్తోందనుకున్నా. నొక్కబోయా. నొక్కేదాన్నే పెదనాన్నా."

"నీకేమైందోనని..."

"అరవచ్చుగా. పేరెట్టి పిలవచ్చుగా."

"నీ వేట చెడుతుందని."

లినెట్ అతని మొహంలోకి చూసింది. "ఆ రోజూ అదేగా," అంది. కోపంగా కూడా అనలేదు. అనేశాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది గాని, మాట దాటిపోయింది. ఏడాదిగా ఊళ్ళో ఎవరూ అనని మాట. రెయినో అవునన్నట్టు తలాడించాడు.

ఇద్దరూ నడిచే దిగారు. బండిని స్టార్ట్ చెయ్యకుండా మెల్లగా తోసుకుంటూ లినెట్, దాని పక్కనే రెయినో. క్యాంపు దగ్గర ఆమె తన సామాను ట్రక్కులో వేసుకుంది. వేడి కాఫీ ఇచ్చాడు, తాగలేదు.

"నీ మీద కోపం లేదు పెదనాన్నా. కానీ నేనిక్కడుంటే నువ్వు కూర్చోలేవు. నువ్వు కూర్చోవని తెలిశాక నేను తుపాకి ఎత్తలేను. పొదలో ఏది కదిలినా నువ్వేననిపిస్తుంది."

"వచ్చే ఏడు?"

లినెట్ తల అడ్డంగా ఊపింది.

"మరి బండి?"

"నువ్వే ఎంచావుగా. నీ దగ్గరే ఉంచు."

అతని బుగ్గ మీద ముద్దు పెట్టి ట్రక్కెక్కింది. ట్రక్కు చప్పుడు తారు రోడ్డెక్కి, పలచబడి, వినబడకుండా పోయింది.

సాయంత్రానికింకా వ్యవధి ఉంది. రెయినో గుమ్మం ముందున్న ఎర్ర బండి దగ్గరికి పోయి తాళం తిప్పాడు. అడవంతా దద్దరిల్లింది. వేట తెరిచిన రోజున, పొద్దుండగా, పగిలిన సైలెన్సర్‌తో ఇంజను. చుట్టుపక్కల మంచెల మీద ఎంతమంది పళ్ళు నూరుకుంటున్నారో. నూరుకోనీ అనుకున్నాడు. ఎవడైనా తిట్టడానికైనా వస్తాడేమో. బండిని అలా వదిలేసి లోపలికి పోయి, తమ్ముడి మంచం మీద చొక్కాతోనే పడుకుని, రెండు అరచేతులూ రొమ్ము మీద పెట్టుకున్నాడు. తలుపు తీసే ఉంచాడు.

ఆ మోత ఉన్నంతసేపూ కాస్త తెరిపిగా ఉంది. తర్వాత ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. పెట్రోలు అయిపోయి ఆగిపోయింది.

రెయినో తలుపు వైపు చూస్తూ ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఆ అడవిలో, ఆ రోజున, బండి ఆగితే పొద్దుగూకేదాకా ఎవరూ రారు.