సంతకం చేసిన ఖాళీ కాగితాలు

ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆ సర్కారు పశువుల ఆసుపత్రిలో ఒక పని జరుగుతుంది. మీరు పక్కనే నిలబడి చూసినా అందులో తప్పేమీ తోచదు. డాక్టరుగారు వస్తారు, కుర్చీలో కూర్చుంటారు, ఆకుపచ్చ సిరా కలం తీసి యాభై ఖాళీ కేసు కాగితాల అడుగున గబగబా సంతకాలు గీకేస్తారు. పావుగంటలో పని పూర్తి. తర్వాత కారెక్కి ఊరికి ఆ చివరనున్న తన సొంత క్లినిక్కుకు వెళ్లిపోతారు. మళ్లీ దర్శనం వచ్చే సోమవారమే. ఈలోగా ఏ గొర్రెకు ఏ జబ్బు చేసినా, ఏ కుక్కకు కుట్లు వేసినా, ఆ సంతకం పైన ఖాళీలో రాసేది కాంపౌండరు. అంటే ఇంకా రాని రోగాలకు కూడా డాక్టరుగారు ముందే వైద్యం చేసేశారన్నమాట!

కాంపౌండరుది ఇరవై రెండేళ్ల సర్వీసు. చెయ్యి మంచిదని పేరు. జనం అతన్ని "చిన్న డాక్టరు" అంటారు. ఆ పిలుపు వినపడితే చాలు, మనిషి రెండంగుళాలు పొడుగయ్యేవాడు. ఇంట్లో భార్య మాత్రం, "జీతం పెద్ద డాక్టరుకి, పని మీకు, పైగా బిరుదొకటి. భలే బేరం" అని వెక్కిరించేది. ఆవిడ వీధిగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నాలుక సూదికంటే పదును.

ఒక బుధవారం పాలావిడ తన ఆవును తోలుకొచ్చింది. భర్త పోయాక ఆ ఒక్క ఆవునే నమ్ముకుని కూతుర్ని చదివించి, కోర్టులో టైపిస్టును చేసిన మనిషి. ఆవు పొట్ట కింద రెండు పిడికిళ్లంత వాపు.

"నాలుగు రోజులైంది తమ్ముడూ. ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టాను. తగ్గలేదు. మేత కూడా సరిగ్గా ముట్టడం లేదు."

కాంపౌండరు డాక్టరుకు ఫోను చేశాడు.

"చీముగడ్డే అయ్యుంటుంది. వందలు కోశావు, నీకేమైనా కొత్తా? కోసెయ్."

"మీరొక్కసారి వచ్చి చూస్తే..."

"ఇక్కడ జనం కూర్చున్నారయ్యా" అని డాక్టరు ఫోను పెట్టేశాడు.

నిజమే, వందలు కోశాడు. అందుకే చెయ్యి తడబడలేదు. చదువుకున్న వైద్యుడైతే ముందు ఆ వాపును అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కి చూసేవాడు, సన్నని సూది గుచ్చి ఏం వస్తుందో చూసేవాడు. కాంపౌండరు నేరుగా కత్తి పెట్టాడు. చీము రాలేదు. పేగు వచ్చింది.

అది గడ్డే కాదు. లోపల పొట్ట గోడ చిరిగి, పేగు చర్మం కిందికి జారడంవల్ల వచ్చిన వాపు. కాంపౌండరు పేగును లోపలికి తోసి, ఎలాగో కుట్లు వేశాడు. కత్తి మొన పేగుకు తగిలిందని అతనికి తెలుసు. తెర అవతల నిలబడ్డ పాలావిడకు తెలియదు. మూడో రోజున ఆవు చచ్చిపోయింది.

ఆ సాయంత్రం డాక్టరు పనిగట్టుకుని వచ్చాడు. తిట్టలేదు, అరవలేదు. తలుపు దగ్గరగా వేసి, సంతకం ఉన్న కాగితం ఒకటి తీయించి, తాను చెబుతూ కాంపౌండరుచేత రాయించాడు: "యజమానురాలు నాటువైద్యం చేసి ఆలస్యంగా తీసుకొచ్చింది. అప్పటికే పేగు కుళ్లింది. శస్త్రచికిత్స నేను స్వయంగా చేశాను." 'స్వయంగా' అన్నచోట కాంపౌండరు కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత కదిలింది.

ఆ కాగితం చూసి, ఆవుకు చేయించిన బీమా డబ్బు ఇవ్వలేమని బీమావాళ్లు చేతులెత్తేశారు. పాలావిడ ఆ దెబ్బకైనా తట్టుకునేదేమో. ఆ కాగితంలో ఉన్న మాటకు తట్టుకోలేకపోయింది. దాన్ని పట్టుకుని కాంపౌండరు దగ్గరికే వచ్చింది.

"నిజం చెప్పు తమ్ముడూ. నా కాపడమే చంపిందా దాన్ని? నా చేతులతో నేనే చంపుకున్నానా?"

"ఏం చెప్పమంటావక్కా" అని తల దించుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు. అబద్ధమైతే ఆడలేదు కదా అని ఇల్లు చేరేదాకా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇంతకంటే పెద్ద అబద్ధం ఇంకేముంటుంది చెప్పండి!

పాలావిడ కూతురు ఊరుకునే రకం కాదు. డాక్టరు ఆ రోజు అసలు రానేలేదని పశువైద్య మండలికి ఫిర్యాదు రాసి పంపింది. నెల తిరిగేసరికి డాక్టరుకూ కాంపౌండరుకూ నోటీసులు వచ్చాయి.

"నేనే కోశానని, నువ్వు పక్కన ఉండి అందించావని చెప్పు, చాలు" అన్నాడు డాక్టరు. "నిజం కక్కావనుకో, ముందు తెగేది నీ మెడే. అర్హత లేకుండా కత్తి పట్టింది నువ్వు."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే కాంపౌండరుకు రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి భార్య ముందు కూర్చుని జరిగిందంతా చెప్పేశాడు. ఆవిడ మిషను ఆపింది.

"పాలావిడ ఇప్పుడు కూతురు వద్దన్నా వినకుండా ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. అదీ పెద్ద బాధ కాదట. రోజూ ఖాళీ కొట్టంలోకి వెళ్లి ఆ ఉప్పు మూట ముందేసుకుని ఏడుస్తోందట. మొన్న బట్టలివ్వడానికి వచ్చి కూతురే చెప్పింది."

"ఉద్యోగం పోతుందే."

"పోనివ్వండి. నా మిషనుంది, గంజో గటకో ఇద్దరం తాగుతాం. ఆవిడ ఉసురు తగిలే కూడు మాత్రం నేను వండలేను."

గురువారం విచారణ. మండలి కార్యాలయంలో పొడవాటి బల్ల, దానికి అవతల ముగ్గురు సభ్యులు. మధ్యలో అధ్యక్షురాలు, నలభై ఏళ్లు పశువుల మధ్యే గడిపి జుట్టు నెరిసిన డాక్టరమ్మ. ముందు డాక్టరు ఆ కాగితంలో ఉన్నదే గడగడా అప్పజెప్పాడు. తర్వాత పాలావిడను ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. ఆవిడ లేచి చేతులు జోడించింది.

"కాంపౌండరు తమ్ముణ్ణి మాత్రం ఏమీ అనకండమ్మా. ఆ రోజు దాని తల నిమిరినవాడు అతనొక్కడే."

ఆ మాట విన్నాక కాంపౌండరు ఇక కూర్చోలేకపోయాడు. సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై మూడు కాగితాలు. పైన అన్నీ ఖాళీ, అడుగున ఆకుపచ్చ సంతకం.

"ఏమిటివి?" అంది అధ్యక్షురాలు.

"ఈ వారం ఇంకా రావాల్సిన పశువుల కేసులమ్మా. వైద్యం అయిపోయినట్టు డాక్టరుగారు సంతకాలు చేసేశారు."

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

"ఆవును కోసింది నేను. ఆయన రాలేదు, చూడలేదు, ఫోనులో కోసెయ్యమన్నారు. నా కత్తి పేగుకు తగిలింది. కాగితంలో ఉన్నది ఆయన చెప్పిన అబద్ధం, నేను రాసిన అబద్ధం."

డాక్టరు లేచాడు. "పొరపాట్లు ఎవరికి జరగవు మేడం? ఇలా ప్రతిదానికీ విచారణలంటే రేపు ఏ డాక్టరూ కత్తి పట్టడు."

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పొరపాట్లు నాకూ జరిగాయి. నా చేతుల్లోనూ పశువులు పోయాయి. వచ్చి, చూసి, తెలిసినంతలో చేసి ఓడిపోతే దాన్ని పొరపాటంటారు. దానికి మిమ్మల్ని ఎవరూ ఇక్కడికి పిలవరు. మీరు రాలేదు, చూడలేదు. పైగా పోయిన ప్రాణం తాలూకు నేరాన్ని దాన్ని పెంచిన మనిషి నెత్తిన రుద్దారు. నోరులేని జీవం వచ్చి సాక్ష్యం చెప్పలేదు డాక్టరుగారూ. అందుకే చట్టం మన సంతకాన్ని నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని ముందే ఖాళీ కాగితం మీద పారేసినవాడికి సంతకం పెట్టే హక్కు ఉండకూడదు."

డాక్టరు వైద్యం చేసే అనుమతిని మూడేళ్లపాటు రద్దు చేశారు. తప్పుడు పత్రం సృష్టించినందుకు కేసు కోర్టుకు పంపారు. బీమా కాగితాలు మళ్లీ తెరవమన్నారు. అర్హత లేకుండా కత్తి పట్టినందుకు కాంపౌండరు ఉద్యోగమూ పోయింది, కేసులో అతని పేరూ చేరింది.

బయట వరండాలో పాలావిడ అతని కోసం ఆగింది.

"అయితే నా కాపడం వల్ల కాదన్నమాట."

"కాదక్కా."

ఆవిడ బావురుమంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "ఈ ఒక్కమాట ఆ రోజే చెప్పుంటే నేను ఇన్నాళ్లు చచ్చి బతికేదాన్ని కాదుగా" అంది. ఈసారి తమ్ముడూ అనలేదు. కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. అన్ని శిక్షల్లోకీ అతనికి బాగా తగిలింది అదే.

నెల తర్వాత అతను భార్య కుట్టిన చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. ఎవరో పెద్దాయన కుంటుతున్న మేకను తోలుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చిన్న డాక్టరుగారూ, దీని కాలొకసారి చూస్తారా?"

అతని చెయ్యి అలవాటుగా ముందుకు సాగింది. వెనక్కి తీసుకున్నాడు.

"నేను డాక్టర్ని కాదు బాబాయ్. ఎప్పుడూ కాదు. ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చారు, ఆయన దగ్గరికి తీసుకెళ్లు. స్వయంగా వచ్చి చూడమని అడుగు, చూశాకే సంతకం పెట్టమని అడుగు. అడగడానికి మొహమాటపడకు. మనం అడగం అన్న ధైర్యంతోనే వాళ్లు ఖాళీ కాగితాల మీద సంతకాలు పెడతారు."